భాష స్టూడెంట్‌కి ఎక్స్‌ఛేంజ్ ఏ దేశంలో బాగుంటుంది? లైప్‌జిగ్ రివ్యూ, మిగతా దేశాలతో పోలుస్తూ

ముందే చెప్పేస్తున్నా, జర్మన్ చదివేవాళ్లకి ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్ కోసం జర్మనీలోని లైప్‌జిగ్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎందుకు కోశానో కింద రాశాను. అయితే ఈ రివ్యూ ఆ ఒక్క ఊరి గురించే కాదు. నాతో పాటు అప్లై చేసిన క్లాస్‌మేట్స్ స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్ వెళ్లారు, సెమిస్టర్ పొడుగునా మేం ఒకరి సంగతులు ఒకరికి చెప్పుకుంటూనే ఉన్నాం, సెలవుల్లో వాళ్ల దగ్గరికి వెళ్లి కొన్ని ఊళ్లు నేను కూడా చూశాను. దేశం ఎంచుకునేటప్పుడు మనం చూసేవి యూనివర్సిటీ ర్యాంకింగ్, ఊరి ఫొటోలు, ఖర్చు. ఇంజనీరింగ్ వాళ్లకి అవి చాలు. భాష చదివేవాళ్లు మాత్రం అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎన్ని పనులు ఆ భాషలో తప్ప ఇంకోలా జరగవు?

ఈ ప్రశ్న వేస్తే లిస్ట్ చాలా మారిపోతుంది. నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్ చక్కటి దేశాలే, యూనివర్సిటీలూ గట్టివే, కానీ మీరు డచ్‌లో ఒక వాక్యం మొదలుపెట్టి కాస్త తడబడ్డారంటే చాలు, అవతలివాళ్లు మర్యాదగా ఇంగ్లీషులోకి మారిపోతారు. వాళ్లది సాయం చేసే ఉద్దేశమే, కాకపోతే మన పని మాత్రం అక్కడితో ఆగిపోతుంది. అక్కడికి వెళ్లి భాష నేర్చుకోవాలంటే ప్రతిసారీ పట్టుబట్టి అడగాలి, రోజంతా అలా పట్టుబట్టే ఓపిక చాలామందికి ఉండదు. బెర్లిన్‌లో కూడా కొన్ని పేటల్లో ఇదే పరిస్థితి, కాఫీ ఇచ్చే మనిషికే జర్మన్ రాని షాపులున్నాయి. అందుకే దేశం పేరుతో ఆగిపోకుండా ఊరి దాకా వెళ్లి చూడమంటాను. ఒకే దేశంలో రెండు ఊళ్ల మధ్య తేడా, రెండు దేశాల మధ్య తేడా కంటే ఎక్కువ ఉంటుంది.

లైప్‌జిగ్ నాకు నచ్చడానికి పెద్ద కారణం ఇదే. ఆరు లక్షల జనాభా ఉన్న ఊరు, 1409 నాటి యూనివర్సిటీ, సిటీ మధ్యలోనే క్యాంపస్, విదేశీయులకి జర్మన్ నేర్పడంలో పేరున్న హెర్డర్ ఇన్‌స్టిట్యూట్ ఆ యూనివర్సిటీలో భాగమే. వీటన్నిటి కంటే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఏ బ్రోషర్‌లోనూ రాయరు. ఈ ఊరు 1990 దాకా తూర్పు జర్మనీలో ఉండేది, అక్కడ స్కూల్లో నేర్పిన మొదటి విదేశీ భాష రష్యన్. అంటే ఇవాళ యాభై ఐదు, అరవై దాటిన చాలామందికి ఇంగ్లీషు అంత అలవాటు లేదు. బేకరీలో, పోస్టాఫీసులో, పక్కింటి మెట్ల మీద కలిసే పెద్దవాళ్లతో జర్మన్ తప్ప వేరే దారి ఉండదు. మా బిల్డింగ్‌లో కింద ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడ చెత్త వేసే డబ్బాల దగ్గర నన్ను ఆపి, ఏ డబ్బాలో ఏది వెయ్యాలో ఒక్కొక్కటీ మూత తీసి చూపిస్తూ చెప్పింది: పసుపు రంగుది ప్యాకింగ్‌కి, నీలం కాగితాలకి, గాజు సీసాలు వీధి చివర వేరే చోట, అదీ రంగుల వారీగా, ఆదివారం మాత్రం వెయ్యకూడదు ఎందుకంటే చప్పుడు. నేను అర్థం కాలేదంటే ఆవిడ భాష మార్చలేదు, అదే మాట ఇంకాస్త నెమ్మదిగా, వేరే పదాలతో చెప్పింది. నాకు కావాల్సింది అచ్చంగా అదే. క్లాసులో ఏ టీచరూ అంత ఓపిగ్గా ఒక్క మనిషి కోసం పది నిమిషాలు కేటాయించలేరు.

యాస గురించి అందరూ భయపెడతారు. లైప్‌జిగ్ చుట్టుపక్కల మాట్లాడే సాక్సన్ యాసలో క, ట, ప లాంటి శబ్దాలు మెత్తబడి గ, డ, బ లాగా వినిపిస్తాయి. మొదట్లో క్యాంటీన్ కౌంటర్ దగ్గర టెన్షన్‌గానే ఉంటుంది, తర్వాత చెవికి అలవాటైపోతుంది. క్లాసుల్లో, కుర్రాళ్ల మాటల్లో వినపడేది దాదాపు స్టాండర్డ్ జర్మనే. యాస సంగతి నిజంగా ఆలోచించాల్సింది స్విట్జర్లాండ్ విషయంలో. అక్కడ రాత, పాఠం స్టాండర్డ్ జర్మన్‌లో ఉన్నా, జనం తమలో తాము మాట్లాడుకునేది స్విస్ జర్మన్, అది చెవిన పడితే బీ1 (మధ్యస్థాయి మొదటి మెట్టు) వాళ్లకి వేరే భాషలాగే ఉంటుంది, ఖర్చు సరేసరి. ఆస్ట్రియా అంత కష్టం కాదు. వియన్నా కంటే గ్రాట్స్ చిన్నది, విద్యార్థుల ఊరు, నేనైతే దానికి నాలుగు ఇస్తాను.

ఇక చదువు. ఎక్స్‌ఛేంజ్ వాళ్లకి సాధారణంగా సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీలు వాడే ఉమ్మడి లెక్క) క్రెడిట్లు, ఏ సబ్జెక్టులు తీసుకుంటారో ముందే లెర్నింగ్ అగ్రిమెంట్‌లో రాసి రెండు యూనివర్సిటీల చేతా సంతకం చేయించుకోవాలి. ఇంగ్లీషులో చెప్పే మాడ్యూల్స్ సులువుగా ఉంటాయని వాటితో నింపేస్తారు చాలామంది. దయచేసి అలా చెయ్యకండి. జర్మన్ విద్యార్థులతో కలిసి కూర్చునే సెమినార్ కనీసం రెండైనా పెట్టుకోండి. అక్కడ పద్ధతి ఏమిటంటే, ప్రతి ఒక్కరూ ఒక టాపిక్ మీద రెఫెరాట్ ఇవ్వాలి, అంటే క్లాసు ముందు నిలబడి ప్రెజెంటేషన్, దాని మీద చర్చ. అప్పటిదాకా వంద పేజీలు చదివినా రాని ధైర్యం ఆ ఒక్క గంట తర్వాత వస్తుంది, పైగా గ్రూప్‌తో కలిసి తయారు చేస్తారు కాబట్టి అక్కడి కుర్రాళ్లతో పరిచయాలూ అలాగే మొదలవుతాయి. మార్కుల్లో 1.0 అన్నిటికంటే గొప్పది, 4.0 వస్తే పాస్, 5.0 అంటే ఫెయిల్. ఇంటికి పంపే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఇది తిరగబడి కనిపిస్తుంది కాబట్టి మన యూనివర్సిటీలో మార్కులు ఎలా మారుస్తారో ముందే కనుక్కోండి.

అర మార్కు కోసింది గది, కాగితాల కోసం. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లో సిటీ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి. నాకు మొదట గది ఇచ్చిన ఓనర్ డిపాజిట్ తీసుకున్నాక ఆ సంతకం కోసం వారాల తరబడి తిప్పాడు, అది లేక మిగతా పనులు కూడా నిలిచిపోయాయి. గది మాట్లాడుకునేటప్పుడే ఆన్‌మెల్డుంగ్ కాగితం ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి, నీళ్లు నమిలితే ఆ గది వదిలెయ్యండి. వీసాకి బ్లాక్డ్ అకౌంట్, అంటే ముందే డబ్బు వేసి నెలకి ఇంత చొప్పున మాత్రమే తీసుకునే ఖాతా, చూపించాల్సి వస్తే నెలకి 992 యూరోల లెక్కన, ఏడాదికి 11,904 యూరోలు. రేడియో, టీవీ ఫీజు అని ఇంటికి నెలకి 18.36 యూరోలు కట్టమని ఉత్తరం వస్తుంది, టీవీ లేకపోయినా కట్టాల్సిందే, కాకపోతే అది మనిషికి కాదు ఇంటికి, ఫ్లాట్‌మేట్స్‌తో పంచుకోండి. ట్యూషన్ ఫీజు ఎక్స్‌ఛేంజ్ ఒప్పందం కింద అక్కడ ఉండదు, సెమిస్టర్ చందా ఒకటి ఉంటుంది, చాలా యూనివర్సిటీల్లో దానిలోనే ట్రామ్, బస్సు, లోకల్ రైళ్ల టికెట్ కలిసి వస్తుంది.

గది గురించి ఇంకో మాట, నా దృష్టిలో ఇది దేశం ఎంపిక కంటే పెద్దది. ఎక్స్‌ఛేంజ్ వాళ్లందరినీ ఒకే హాస్టల్ ఫ్లోర్‌లో పెడితే అక్కడ వంటింటి భాష ఇంగ్లీషే అవుతుంది, అది ఏ దేశమైనా సరే. జర్మన్లు ఉండే వేగే, అంటే షేరింగ్ ఫ్లాట్, దొరికేదాకా వెతకండి. వాళ్లు మిమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేస్తారు, ఏం వండుతావు, ఎప్పుడు పడుకుంటావు, ఇల్లు ఊడ్చే వంతు పాటిస్తావా అని. ఆ ఇంటర్వ్యూ కూడా మంచి స్పీకింగ్ ప్రాక్టీసే.

స్పెయిన్‌కి స్పానిష్ చదివేవాళ్ల తరఫున నాలుగున్నర, కొన్ని చోట్లకి మూడే. యూరప్ స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రామ్ ఎరాస్మస్ మొదలైంది 1987లో, ఇవాళ ఎక్కువమంది వచ్చేది స్పెయిన్‌కే, అందుకే అక్కడ ఎక్స్‌ఛేంజ్ వాళ్ల గుంపులోనే ఉండిపోయే ప్రమాదం కూడా ఎక్కువ. సాలమాంకా 1218 నాటి యూనివర్సిటీ, నడిచి తిరిగేంత ఊరు, మాట స్పష్టంగా ఉంటుంది, కొత్తగా వినేవాళ్లకి అదే మంచిది. గ్రనాడా వెళ్లిన నా ఫ్రెండ్‌కి మొదటి వారాలు చుక్కలు కనిపించాయి, ఆండలూసియా మాటలో పదం చివర ఉండే స శబ్దం చాలాసార్లు మింగేస్తారు, ఏది ఏకవచనమో ఏది బహువచనమో పక్క మాటల్ని బట్టి పట్టుకోవాలి. కానీ అక్కడ చెవి కుదిరాక స్పానిష్ ఎక్కడ విన్నా తనకి భయం లేదు. పైగా డ్రింక్ తీసుకుంటే తపా, అంటే చిన్న ప్లేటు తినుబండారం, ఉచితంగా పెట్టే ఊరు, విద్యార్థులు బార్ కౌంటర్ దగ్గర నిలబడి రాత్రి పన్నెండు దాకా మాట్లాడుతూనే ఉంటారు, భాషకి అంతకంటే మంచి ల్యాబ్ ఏముంటుంది. బార్సిలోనా, వలెన్సియా, సాంతియాగో రాసేముందు మాత్రం ఒకటి చూడండి: అక్కడ కాటలాన్, వలెన్సియన్, గలీసియన్ కూడా అధికార భాషలే, చాలా క్లాసులు వాటిలో జరుగుతాయి. ప్రతి సబ్జెక్టు గైడ్‌లో ఏ భాషలో చెప్తారో రాసి ఉంటుంది. ఆ భాషలంటే ఆసక్తి ఉన్నవాళ్లకి ఇది వరం, స్పానిష్ గంటలు పెంచుకోవాలని వెళ్లేవాళ్లకి మాత్రం ముందే తెలియాలి.

ఇటలీలో నాకు అసూయ పుట్టించినవి నోటి పరీక్షలు. అక్కడ చాలా సబ్జెక్టుల్లో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని, మిగతా స్టూడెంట్స్ వింటుండగా ప్రశ్నలకి జవాబు చెప్పాలి, మార్కులు ముప్పైకి, పద్దెనిమిది వస్తే పాస్. దానికి తయారయ్యే నెలలో వచ్చే మాట తీరు రాత పరీక్షలతో ఎప్పటికీ రాదు. బొలోన్యా 1088 నుంచి లెక్కపెట్టుకునే యూనివర్సిటీ, ఊరు అద్భుతం, గదులు మాత్రం గగనం. భాష ప్రాథమిక స్థాయిలో ఉన్నవాళ్లు పెరూజా, సియెనాల్లో విదేశీయుల కోసమే ఉన్న యూనివర్సిటీలు చూడండి. యూరప్ బయటి పాస్‌పోర్ట్ అయితే దిగిన ఎనిమిది పనిదినాల్లో రెసిడెన్స్ పర్మిట్‌కి పోస్టాఫీసులో అప్లై చెయ్యాలి, మర్చిపోవద్దు. ఇటలీకి నాలుగు.

ఫ్రాన్స్‌కి నాలుగు, ప్యారిస్ తీసేస్తే. లియోన్, రెన్, మోంపెలియే లాంటి చోట్ల క్రూస్ అనే ప్రభుత్వ విద్యార్థి సేవల సంస్థ హాస్టళ్లు, క్యాంటీన్లు ఉన్నాయి కాబట్టి ఖర్చు అదుపులో ఉంటుంది. పెద్ద హాల్లో లెక్చర్‌తో పాటు టీడీ అని చిన్న గ్రూపు క్లాసులుంటాయి, అసలు నోరు తెరిచేది అక్కడే. మార్కులు ఇరవైకి, పద్నాలుగు వస్తే సంబరపడొచ్చు, ఇంట్లోవాళ్లకి ఈ విషయం ముందే చెప్పి ఉంచండి. లాంగ్ స్టే వీసా ఉన్నవాళ్లు దిగిన మూడు నెలల్లోపు దాన్ని ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి. ఉచ్చారణ తప్పితే సరిదిద్దుతారు, దాన్ని అవమానంగా తీసుకోకపోతే చాలా లాభం.

పోర్చుగల్‌లో కోయింబ్రా గురించి మంచి మాటలే విన్నాను. బ్రెజిల్ ఉచ్చారణతో నేర్చుకున్నవాళ్లు అచ్చులు మింగేసే అక్కడి మాటకి కాస్త టైమ్ పెట్టుకోవాలి. పోలిష్, చెక్ చదివేవాళ్లు క్రాకవ్, బ్ర్నో వైపు చూస్తే ఖర్చు తక్కువ. బెల్జియం రాసేవాళ్లు మాత్రం పేరు సరిగ్గా చూసుకోండి: లూవెన్‌లో బోధన డచ్‌లో, లూవాన్ లా నోవ్‌లో ఫ్రెంచ్‌లో. 1968లో భాషల గొడవతోనే ఆ యూనివర్సిటీ రెండుగా చీలింది, ఫారంలో రెండు పేర్లూ ఒకేలా కనపడతాయి.

చివరిగా క్యాలెండర్. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీల్లో క్లాసులు సెప్టెంబర్‌లోనే మొదలవుతాయి. జర్మనీలో చలికాలం సెమిస్టర్ అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తుంది, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ నుంచి జులై మధ్య దాకా. చాలా సబ్జెక్టుల్లో పరీక్ష బదులు హౌస్‌ఆర్బైట్ అనే పొడుగాటి వ్యాసం ఉంటుంది, దాని గడువు తరచూ మార్చి చివరికో సెప్టెంబర్ చివరికో పడుతుంది. అంటే మీరు ఇంటికి వచ్చేశాక, సొంత యూనివర్సిటీ క్లాసులు నడుస్తుండగా, లైబ్రరీ పుస్తకాలు చేతిలో లేకుండా దాన్ని రాయాల్సి వస్తుంది. టాపిక్ డిసెంబర్‌లోనే ప్రొఫెసర్‌తో మాట్లాడి ఖరారు చేసుకోండి, ఎక్స్‌ఛేంజ్ స్టూడెంట్ అని చెప్తే ముందే సబ్మిట్ చెయ్యనిస్తారు, చాలామంది పేజీల సంఖ్య కూడా కొంచెం తగ్గిస్తారు.