మూరెడు దూరం నుంచి తూనీగ: 500డి క్లోజప్ లెన్స్‌తో నా అనుభవం

తూనీగలను దగ్గరగా ఫొటో తీయాలని ఉందంటే ఎవరైనా ముందు చెప్పేది 100 మి.మీ. మ్యాక్రో లెన్స్ గురించే. మంచి లెన్సే. మిత్రుడి దగ్గర తెచ్చుకుని ఒక వానాకాలమంతా వాడాను. అయినా నేను కొనుక్కున్నది మాత్రం కెనన్ 500డి క్లోజప్ లెన్స్. కొన్నేళ్లుగా దాన్ని నా 70-300 మి.మీ. జూమ్ లెన్స్ ముందు బిగించి వాడుతున్నాను. తూనీగల వరకు ఇంతకన్నా నచ్చిన సాధనం నాకు దొరకలేదు.

ఇదే పేరుతో 2009లో ఒక కెమెరా కూడా వచ్చింది కాబట్టి, దుకాణంలో అడిగేటప్పుడు క్లోజప్ లెన్స్ అని స్పష్టంగా చెప్పండి. చూడటానికి ఫిల్టర్‌లా ఉంటుంది. లోపల రెండు కటకాలు, అంతే. బ్యాటరీతో పని లేదు, వెలుతురు తగ్గదు. దీని శక్తి రెండు డయాప్టర్లు. అంటే జూమ్‌ను అనంత దూరానికి ఫోకస్ చేసి ఉంచితే, ముందు 50 సెం.మీ. దూరంలో ఉన్నది స్ఫుటంగా పడుతుంది.

ఆ మూరెడు దూరం కోసమే దీన్ని వదలలేకపోతున్నాను. 100 మి.మీ. మ్యాక్రోతో అసలు సైజులో, అంటే పురుగు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మా అంతే పడేలా తీయాలంటే లెన్స్ అంచుకూ పురుగుకూ మధ్య జానెడు కూడా మిగలదు. సీతాకోకచిలుక గొంగళి అయితే ఊరుకుంటుంది. తూనీగ ఊరుకోదు. దాని కళ్లు తలలో చాలా భాగాన్ని ఆక్రమించి ఉంటాయి, ఏ వైపు కదలికైనా పసిగడతాయి. మూరెడు దూరంలో ఆగితే చాలాసార్లు మనల్ని పట్టించుకోదు. 300 మి.మీ. దగ్గర బొమ్మ అసలు సైజులో 0.6 వంతు వస్తుంది. అంటే నా కెమెరా చట్రంలో దాదాపు 37 మి.మీ. వెడల్పు దృశ్యం పడుతుంది. నారింజ రెక్కల డిచ్ జ్యూయెల్ తూనీగ అందులో చక్కగా ఇముడుతుంది. విజయవాడలో మొదలుపెట్టేవాళ్లకు దాన్నే సూచిస్తాను. మురుగు కలిసిన నీళ్లనూ అది లెక్కచేయదు, కాలువ గట్ల మీదే దొరుకుతుంది. ఒక పుల్ల మీద నుంచి లేచినా తిరిగి అక్కడికే వస్తుంది కాబట్టి, వెంటపడకుండా ఆ పుల్లకు ఫోకస్ పెట్టుకుని నిలబడితే చాలు.

ఉండవల్లి వైపు పొలం గట్టు మీద ఒకసారి ఆర్థెట్రమ్ సబీనా కనిపించింది. ఆకుపచ్చ ఒంటి మీద నల్ల చారలుండే జాతి, సాటి తూనీగలనే పట్టి తినే రకం. అప్పుడు దాని కాళ్ల మధ్య ఒక చిన్న తూనీగ ఉంది. తల అప్పటికే పోయింది. దవడలు అడ్డంగా తెరుచుకుంటూ మూసుకుంటూ రొమ్ము భాగాన్ని నములుతున్నాయి. తెగిన రెక్క ఒకటి గడ్డిపోచకు అతుక్కుంది, దాని మీది ఈనెలు, అంచున ఉండే రంగు మచ్చ కూడా ఫొటోలో లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. తిండి పూర్తయ్యేదాకా అది నా వైపు తల కూడా తిప్పలేదు. జానెడు దూరానికి వెళ్లి ఉంటే ఎరతో సహా ఎగిరిపోయేదని నా నమ్మకం.

ఇక ఇబ్బందులు. ఈ కటకం బిగించాక నా జూమ్ సుమారు 35 నుంచి 50 సెం.మీ. మధ్యే ఫోకస్ అవుతుంది. పక్కన లకుముకిపిట్ట వాలినా మర విప్పేదాకా దాన్ని తీయలేం. ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది, ఆపేయడమే నయం. ఒంటిని కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊపుతూ కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కాలి. అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/11 దాకా చిన్నది చేసినా స్పష్టత లోతు కొద్ది మిల్లీమీటర్లే, అందుకే కెమెరా వీపు తూనీగ ఒంటికి సమాంతరంగా ఉండాలి. మిట్టమధ్యాహ్నం కొన్ని జాతులు ఒంటికి ఎండ తక్కువ తగిలేలా తోకను నిటారుగా సూర్యుడి వైపు ఎత్తుతాయి. అప్పుడు మనం కెమెరా పట్టుకునే కోణమూ మార్చుకోవాలి. వానాకాలంలో గుంపులుగా తిరిగే పాంటలా తూనీగలు గాలిలో ఉన్నంతసేపూ ఈ కటకానికి పని లేదు. సాయంత్రం అవి కొమ్మలకు వేలాడేదాకా ఆగాల్సిందే.

తక్కువ ధరకు నాలుగైదు కలిపి అమ్మే, ఒక్కోదాంట్లో ఒకే కటకం ఉండే క్లోజప్ లెన్స్‌ల సెట్లు కూడా వాడి చూశాను. ఆకాశం నేపథ్యంలో రెక్కల ఈనెల పక్కన ఊదారంగు గీతలు పడ్డాయి. 500డిలో రెండు కటకాలు కలిసి ఆ దోషాన్ని చాలావరకు సరిచేస్తాయి. అయినా పూర్తి అపర్చర్‌లో అంచులు మెత్తబడతాయి, ఎఫ్/8 నుంచి బాగుంటుంది.

మంచు కురిసే కార్తీకమాసపు పొద్దులు దీనికి అన్నిటికన్నా అనువైనవి. ఒళ్లు వేడెక్కేదాకా తూనీగ ఎగరలేదు, రెక్కల మీద నీటి బొట్లతో అలాగే ఉంటుంది. ట్రైపాడ్ పెట్టుకునే వ్యవధి దొరికేది అప్పుడే. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, ఇంటికి రాగానే కటకం తుడిచి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి, లేకపోతే బూజు పడుతుంది.

లెన్స్ ముందు మర వ్యాసాన్ని బట్టి ఇది 52, 58, 72, 77 మి.మీ. కొలతల్లో వచ్చింది. మున్ముందు పెద్ద జూమ్ కొనే ఆలోచన ఉంటే 77 తీసుకుని, చిన్న లెన్స్‌లకు మధ్యలో కొలత కలిపే రింగు వేసుకోవచ్చు. మీ దగ్గర ఉన్నది 18-55 మి.మీ. లెన్స్ ఒక్కటే అయితే మాత్రం కొనవద్దు, అంత చిన్న ఫోకల్ దూరంతో దీనివల్ల పెద్దగా లాభం ఉండదు.