అనపకాయల కోసమైతే రైతుబజారుకే పోండి

తిరుపతిలో ఇప్పుడు ఫోన్ నొక్కితే ఏ కూరగాయైనా గడప దగ్గరికే వస్తుంది. అయినా ధనుర్మాసం వచ్చిందంటే నేను సంచి పట్టుకుని రైతుబజారుకే పోతాను. అనపకాయల కోసం. సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయ.

కాయ మంచు తాగుండాలి. గుప్పిట్లోకి తీసుకుంటే వేళ్లకి జిడ్డు అంటాలి, చేయి కడిగినా వాసన వదలకూడదు. ఆ వాసన లేని కాయతో పితికిపప్పు, అంటే గింజలు నానేసి తోలు పితికి తీసి చేసే కూర, చేయడం దండగ. వొలిచి ప్యాకెట్లలో అమ్మే గింజలకి అది ఎప్పుడో పోయుంటుంది. నేను కొనేది చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒకామె దగ్గర. "గింజ ముదిరిందేమో మా?" అంటే జవాబు చెప్పదు, ఓ కాయ చీల్చి చేతిలో పెడుతుంది. గింజ పచ్చగా, నిండుగా ఉండాలి. ముదిరితే నానేసినా తోలు ఊడదు, మరీ లేతదైతే పితికేటప్పుడే నలిగిపోతుంది. కిలో కాయలు వొలిస్తే గింజ సగం కూడా తూగదు కాబట్టి నలుగురున్న ఇంటికి రెండు కిలోలైనా కావాలి. పితకడానికి మాత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి, మొగుళ్లతో సహా. సంక్రాంతి దాటి మంచు తగ్గాక కాయ దొరికినా ఆ రుచి రాదు.

రైతుబజారులో ఆకుకూరలు కూడా బాగుంటాయి. చిర్రాకు, చెంచలాకు, దొగ్గలాకు కలిపి ఉడికించి మెదిపి ఎనుపుకునేవాళ్లకి పండగే. మట్టి ఎక్కువ, మూడు నీళ్లకి కడగాల్సిందే.

ధరలు బోర్డు మీద రాసుంటాయి. 1999లో రైతుబజార్లు పెట్టినప్పటి నుంచీ లెక్క ఒకటే: టోకు ధర కంటే కాస్త ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే తక్కువ. దళారి లేకుండా రైతే అమ్ముకోవాలని. బేరం అక్కర్లేదు. మా అత్త ఆడుతుంది, గెలుస్తుంది కూడా, అది వేరే సంగతి.

అట్లని కూర్చున్నవాళ్లంతా రైతులే అనుకోవద్దు. ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయల్లాంటివి బయటి నుంచి తెప్పించి అమ్మేవాళ్లూ ఉంటారు. వాటికోసం ఇంతదూరం రావడం ఎందుకు, వీధి చివర అంగడి చాలు. టమాటాలు మీరే ఏరుకోండి. ఒకచోట ఏరనివ్వకుండా తూచి ఇచ్చారు, ఇంటికొచ్చి చూస్తే అడుగున అన్నీ మెత్తవే. ఏరనివ్వని చోట ఇప్పుడు ఆగను.

ఏడు లోపల పోండి, ఎండెక్కితే మంచి కాయ మిగలదు. పది, ఇరవై నోట్లు దగ్గర పెట్టుకోండి. సాయంత్రం పోతే ఆకు వాడి ఉంటుంది, ధర దిగుతుంది. పప్పులోకైతే పరవాలేదు.