లేపాక్షి నుంచి శ్రీకాళహస్తి దాకా: బొమ్మలు గీసేవారి కళ్లతో ఒక రాయలసీమ యాత్ర

హైదరాబాదులో బొమ్మలు వేసి బతికే మా నలుగురు మిత్రులం ఏ ఊరికి బయలుదేరినా ముందుగా తెలుసుకునే సంగతి ఒకటే: అక్కడ ఒక మూల గంటల తరబడి కూర్చుంటే ఎవరైనా లేపుతారా, లేపరా? చూడవలసిన స్థలాల పట్టిక ఆ తర్వాతి మాట. వసతి గది విషయంలోనూ మా కొలతలు కొంచెం వేరుగా ఉంటాయి. పరుపు ఎలా ఉన్నా సర్దుకుంటాం గానీ కిటికీ దగ్గర బల్ల, కుంచెలు కడుక్కోవడానికి వీలైన నీళ్లు, రాత్రి పని చేసుకోవడానికి తెల్లని దీపం లేకపోతే ఆ గదికి ఎంత తక్కువ అద్దె ఇచ్చినా నష్టమే అనిపిస్తుంది. హిందూపురం, లేపాక్షి, ధర్మవరం, నిమ్మలకుంట, శ్రీకాళహస్తి ఊళ్లను ఈ కొలతలతోనే తూచి రాస్తున్నాను.

మేం ఏం చేసి బతుకుతామో ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రయాణం ఖర్చు అందులోంచే వస్తుంది. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను, సాయంత్రాలు ఇంటి దగ్గరే పిల్లలకు డ్రాయింగు చెబుతాను. మా శిల్పి మిత్రుడు తనకు నచ్చిన శిల్పాలు చెక్కేది ఏడాదిలో కొద్ది కాలమే, మిగతా కాలమంతా నాయకుల విగ్రహాలకు మట్టి నమూనాలు చేయడంతోనే గడిచిపోతుంది. ప్రింట్లు తీసే మిత్రురాలు కళాశాలలో పాఠాలు చెబుతుంది, నాలుగో ఆయన పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. ఆదివారం వీలు దొరికితే మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో కలుసుకుని, గోడల మీద ఉన్నవాటిని మెచ్చుకునో తిట్టుకునో, బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికకు చేరి సమోసాలు, చాయ్ ముందు పెట్టుకుని ఆ వాదన ముగిస్తాం. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గీతల గురించో, మరో చిత్రకారుడు వైకుంఠం వేసే స్త్రీల బొట్ల గురించో మొదలైన మాట చివరకు ఎవరి బొమ్మ ఎంతకు పోయిందన్న దగ్గరికే చేరుతుంది. నగరంలో చిత్రకళ ప్రపంచం చిన్నది, అందరికీ అందరూ తెలుసు.

ఆర్ట్ క్యాంపుల సంగతి కూడా ఈ సందర్భంలో చెప్పాలి. నిర్వాహకులు రిసార్టులో గది ఇచ్చి, భోజనం పెట్టి, కాన్వాసు, రంగులు చేతికిచ్చి, వెళ్లేటప్పుడు పూర్తయిన బొమ్మను ఉంచుకుంటారు. ఇందులో తప్పేమీ లేదు, చాలామందికి అదే ఆదరువు. అయితే అక్కడ వేసే బొమ్మ ఇవ్వవలసిన బొమ్మే అవుతుంది తప్ప చూసి నేర్చుకున్న బొమ్మ కాదు. అందుకే సొంత డబ్బుతో, ఎవరికీ ఏమీ బాకీ పడకుండా వెళ్లాలని ఈ యాత్ర పెట్టుకున్నాం.

కాచిగూడ నుంచి రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి హిందూపురంలో దిగవచ్చు. మాలాగా డ్రాయింగు బోర్డులు, అట్టలు మోసుకెళ్లేవారికి బస్సు కంటే రైలే మేలు, పై బెర్తు మీద బోర్డు పరుచుకుని దాని పక్కన ఒదిగి పడుకోవచ్చు. స్టేషను దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షికి ఆటో మాట్లాడుకున్నాం. బస్సులు తరచుగానే ఉన్నా, సామాను ఎక్కువైనప్పుడు ఆటో ఖర్చుకు వెనకాడకూడదు.

లేపాక్షి వీరభద్రాలయాన్ని విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. గుడి ఉన్న రాతి గుట్ట తాబేలు వీపులా ఉబ్బి ఉంటుంది కనుక దాన్ని కూర్మశైలం అంటారు. వచ్చినవారిలో ఎక్కువమంది నేరుగా వేలాడే స్తంభం దగ్గరికి వెళ్లి, దాని కింద నుంచి కండువా ఒకవైపు దూర్చి మరోవైపు లాగి ఫొటో దిగి, గోడ మీది ఎర్రని మరకలను, విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడన్న కథతో కలిపి విని వెళ్లిపోతారు. గైడును పెట్టుకుంటే ఈ కథలు బాగా చెబుతారు గానీ నాట్యమండపం పైకప్పులోని వర్ణచిత్రాల దగ్గరికి వచ్చేసరికి మాట పొదుపు చేస్తారు. చిత్రాల కోసం వచ్చినవారికి గైడు అవసరం లేదనే నా అభిప్రాయం, ఆ డబ్బుతో ఒక మంచి టార్చి కొనుక్కోవచ్చు.

ఆ చిత్రాల గురించి కొంచెం తీరికగా చెబుతాను. సున్నపు పూత మీద ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ ఛాయలే ప్రధానంగా, నలుపు గీత ఆధారంగా వేసినవి ఇవి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, వటపత్రశాయి వంటి ఘట్టాలు పట్టీలు పట్టీలుగా సాగుతాయి. మగవారి తలల మీద నిలువుగా లేచిన కుళ్లాయిలు, ఆడవారి చీరల మీద గళ్లు, చారలు, పువ్వులు ఎంత ఓపికగా వేశారంటే ఆనాటి నేతగాళ్ల నమూనా పుస్తకం తెరిచి చూపించినట్టే ఉంటుంది. మా ప్రింట్ల మిత్రురాలు ఒక చీర అంచును పెన్సిలుతో ఎత్తి రాస్తూ మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయింది. ఆ అంచులో ఒక పువ్వు, ఒక హంస మార్చి మార్చి వస్తాయనుకున్న మాకు, దగ్గరగా చూస్తే ఏ రెండు హంసలూ ఒకేలా మెడ తిప్పలేదని తెలిసింది. అచ్చుతో వేయలేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పైకప్పును చూసి గీయడం మెడకు శిక్షే. అందుకు మా ఉపాయం ముఖం చూసుకునే అద్దం. దాన్ని ఒడిలో పెట్టుకుని అందులో కనిపించే చిత్రాన్ని గీస్తే మెడ నొప్పి ఉండదు, కుడి ఎడమలు తారుమారవుతాయన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. వెలుతురు విషయానికి వస్తే, ప్రాంగణంలోని బండల మీద పడ్డ ఎండ లోపలికి తిరిగి కొట్టి కప్పును తాకే సమయమే చిత్రాలకు మంచిది, పొద్దు బాగా ఎక్కాక అది దొరుకుతుంది. కానీ అప్పటికి బయటి బండలు కాలుతుంటాయి, చెప్పులు వేసుకోకూడదు కనుక మేజోళ్లు వెంట తెచ్చుకోవడం మంచిది. ఇది భారత పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న కట్టడం. పెన్సిలుతో, నీటిరంగులతో కూర్చున్న మమ్మల్ని ఎవరూ అభ్యంతరపెట్టలేదు, కాపలా ఉన్నాయన వచ్చి నా కాగితం వైపు చూసి, వీరభద్రుడి మీసం ఇంకొంచెం పైకి ఉందని సరిదిద్ది వెళ్లాడు. ఆయన చెప్పింది నిజమే. కెమెరాకు ముక్కాలి స్టాండు వాడాలంటే మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి, ఫొటోగ్రాఫర్లు బయలుదేరే ముందే ఆ ఏర్పాటు చూసుకోవాలి.

పైకప్పులో కొన్నిచోట్ల పూత ఊడిపోయింది, కొన్నిచోట్ల నీటి చెమ్మ మరకలు కట్టింది. ఉన్నవాటిని చూస్తే సంతోషం, పోయినవాటి ఖాళీలను చూస్తే దిగులు. అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం, దాని పక్కన లతామండపం స్తంభాల మీది తీగల నమూనాలు శిల్పికి, డిజైనరుకు పండగే. ఊళ్లోని ఏకశిలా నందిని సాయంత్రం గీసుకోవడం మేలు. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న ఆ నంది మెడలోని గంటల దండ, పక్కవాటు ఎండలో ఒక్కొక్క గంటా విడివిడిగా తేలుతుంది. మా శిల్పి నంది మొత్తాన్ని వదిలేసి ఆ మెడ మడతలనే మళ్లీ మళ్లీ గీశాడు. చుట్టూ పచ్చిక, కూర్చోవడానికి నీడ ఉన్నాయి, పిల్లలు చేరి తమ బొమ్మ గీయమని అడుగుతారు, ఒక్కరికి గీస్తే అందరికీ గీయవలసి వస్తుంది.

వసతి దగ్గర మాకు చేదు అనుభవం ఒకటి ఉంది. హిందూపురంలో మేం దిగిన లాడ్జి పేరు రాయను. ఫోనులో కిటికీ ఉన్న గది అని చెప్పి, తీరా చూస్తే పక్క భవనం గోడకు ఆనుకున్న కిటికీ చూపించారు. వేడినీళ్లు పొద్దున కాసేపే వస్తాయన్న మాట డబ్బు కట్టాక చెప్పారు. హిందూపురంలో భోజనం, బస్సులు, మందుల షాపులు అన్నీ అందుబాటులో ఉంటాయి, నిజమే. అయినా ఉదయపు వెలుతురు కావలసినవారు లేపాక్షిలోనే, గుడికి నడిచి వెళ్లగలిగే దూరంలో గది చూసుకోవడం మంచిది. రాత్రి భోజనానికి అక్కడ ఎంపిక తక్కువ, రాగిసంగటి, పప్పు, వేరుశనగ చట్నీతో సరిపెట్టుకోవాలి. నాకు అది లోటుగా తోచలేదు.

ధర్మవరం పట్టుచీరల ఊరు కనుక అక్కడ ఆగినవారి సంచి బరువెక్కకుండా రాదు. లేపాక్షి స్తంభాల నమూనాలు చీర అంచుల్లోకి దిగిన సంగతి దుకాణదారులే చూపించి చెబుతారు. గీసుకోవడానికి మగ్గాల ఇళ్లు బాగుంటాయి గానీ, మేం వెళ్లిన పూట కరెంటు లేక చీకట్లో ఎక్కువసేపు నిలవలేదు. ఊరికి దగ్గరలోనే ఉన్న నిమ్మలకుంటకు ఆటోలో వెళ్లాం.

నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ముందుగా ఫోను చేసి వెళితే కళాకారులు పని చేస్తూ చూపిస్తారు, చెప్పకుండా వెళితే ఇంట్లో ఎవరు ఉంటారో చెప్పలేం. మేం కూర్చున్న ఇంటి వసారాలో మేకతోలును వేడినీళ్లతో శుభ్రం చేసి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెట్టారు. ఆరిన తోలు కాగితంలా పలచగా, నూనె రాసిన గాజులా మసకగా వెలుతురును లోపలికి రానిస్తుంది. దాని మీద గీత గీసి, కొయ్య దిమ్మ మీద పెట్టి, చిన్న ఉలితో టకటకా చిల్లులు కొడతారు. నగలన్నీ ఆ చిల్లులే. బొమ్మను వెలుగుకు ఎత్తి పట్టుకున్నప్పుడు హారంలోని ముత్యాలు రంగుతో వేసినవి కావని, లోపలి నుంచి వచ్చే వెలుతురేనని అర్థమవుతుంది. రంగు రెండు వైపులా వేస్తారు, కాళ్లు చేతులు కదిలేలా దారంతో ముడివేస్తారు.

ఆట మాత్రం తగ్గిపోయింది. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీద తిట్టుకుంటే నవ్వడానికి రాత్రంతా కూర్చునే జనం ఇప్పుడు లేరు. బతుకుతెరువుగా దీపాల గొడుగులు, తలుపు తోరణాలు, గోడకు తగిలించే పటాలు నిలిచాయి. వాటిని చిన్నచూపు చూసే మిత్రులు నగరంలో మాకు కొందరున్నారు. నాయకుల విగ్రహాలతో, పెళ్లి ఫొటోలతో బియ్యం తెచ్చుకునే మా బృందానికి ఆ మాట అనే అర్హత లేదు. కొనేవారికి ఒక సూచన: బొమ్మను మడవకూడదు, అట్టల మధ్య పరిచి కట్టించుకోవాలి, చెమ్మ తగిలితే తోలు వంకర తిరుగుతుంది. ధర నగరపు ప్రదర్శనల్లో కంటే తక్కువే, బేరం ఆడకపోవడం మర్యాద.

ధర్మవరం నుంచి కదిరి, పీలేరు, పాకాల మీదుగా తిరుపతి వెళ్లే రైలు మార్గం గీసుకునేవారికి అనువైనది. కొండరాళ్ల గుట్టలు కిటికీ పక్కనే నడుస్తాయి, వేగం తక్కువ కనుక గీత చెదరదు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి బస్సులకు కొదవ లేదు.

శ్రీకాళహస్తి కలంకారీని గుడ్డ మీద చేత్తో కలం పట్టి వేస్తారు, అచ్చుదిమ్మలతో వేసే పెడన, మచిలీపట్నం పద్ధతి వేరు. హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో మళ్లీ ఊపిరి పోసుకున్న ఈ కళలో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించింది. కొద్దిపాటి రుసుము తీసుకుని పని చూపించి, చేతికి కలం ఇచ్చి గీయించే ఇళ్లు ఇక్కడ ఉన్నాయి, నా దృష్టిలో ఈ యాత్ర మొత్తంలో డబ్బుకు తగ్గ సేవ అంటే ఇదే. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డకు ఒక వాసన ఉంటుంది, మొదటి పూట ఇబ్బంది పెడుతుంది, తర్వాత పట్టదు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. చింతపుల్లల బొగ్గుతో ముందు తేలికగా గీసుకుని, ఆపైన వెదురు కలంతో వేస్తారు. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ పోతే రంగు కొంచెం కొంచెంగా దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరవేసి తీసిన ద్రవం కలంలో నీళ్లలాగే కనిపించి, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. కుంచెకు అలవాటుపడిన మా వేళ్లకు ఆ నొక్కుడు లెక్క అందలేదు, నా గీత ఒకచోట ఎండిపోతే మరోచోట బొట్టు కట్టింది. పక్కనే కూర్చున్న అమ్మాయి మాటల్లో పడి కూడా రావణుడి పది తలల మీసాలనూ ఒకే మందంతో లాగేసింది.

పటిక పెట్టాక గుడ్డను పారే నీటిలో ఉతకాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేని రోజుల్లో తొట్లలో, బావుల దగ్గర ఆ పని కానిస్తారు. అందువల్ల నదిలో ఉతుకును చూడాలనుకునేవారు వానలు పడ్డాక రావాలి. కొనేటప్పుడు సహజ రంగులా, రసాయన రంగులా అని నేరుగా అడగవచ్చు, పని చేసేవారు దాచరు. కలంతో వేసిన దానికీ, స్క్రీను ప్రింటుకూ ధరలో ఉన్న తేడాకు కారణం వెనుకవైపు తిప్పి చూస్తే తెలుస్తుంది, చేతి పనిలో రంగు గుడ్డలోకి ఇంకి ఉంటుంది.

శ్రీకాళహస్తిలో గదుల సంగతి రాహుకేతు పూజల మీద ఆధారపడి ఉంటుంది. సెలవు రోజుల్లోనూ, శివరాత్రి ముందు వెనుకలా లాడ్జీలు నిండిపోతాయి, దొరికిన గదికి అడిగినంత ఇవ్వాలి. మేం మామూలు వారపు రోజుల్లో వెళ్లాం కనుక గుడికి దూరంగా, మేడ మీద, తూర్పు కిటికీ ఉన్న గది వెయ్యి రూపాయల లోపే దొరికింది. బల్ల లేదని అడిగితే హోటలు కుర్రాడు కింద టిఫిను గది నుంచి ఒకటి మోసుకొచ్చి, రంగు పడితే తుడిచి ఇవ్వమని మాత్రం చెప్పాడు. పండగ రోజుల్లో వెళ్లక తప్పనివారు తిరుపతిలో దిగి పొద్దున్నే బస్సులో రావడమే నయం, కలంకారీ ఇళ్లలో పని మొదలయ్యే వేళకు చేరుకోవచ్చు.