చూపా, కదలికా? రోబో దేన్ని నమ్మితే మేలు?

ఒకే బల్ల దగ్గర మనిషితో కలిసి పనిచేసే రోబో, మనిషి చేయి ఎటు వెళ్ళబోతోందో ముందే పసిగట్టాలంటే మొదట దేన్ని గమనించాలి? చూపునా, ఒంటి కదలికనా, చుట్టూ ఉన్న వస్తువులనా?

అందరికంటే ముందు చెప్పేది చూపే. 1999లో మైకేల్ లాండ్, ఆయన సహచరులు టీ కాచేవారి కంటి కదలికలను నమోదు చేసినప్పుడు, ఒక వస్తువుతో పని మొదలుపెట్టడానికి సుమారు అర సెకను ముందే కన్ను దాని మీద వాలుతున్నట్టు తేలింది. ఈ అర సెకను తక్కువేమీ కాదు. పారిశ్రామిక భద్రతా లెక్కల్లో మనిషి నడిచివచ్చే వేగాన్ని సెకనుకు 1.6 మీటర్లుగా తీసుకుంటారు కనుక, ఆ వ్యవధిలో అతడు 80 సెంటీమీటర్లు దగ్గరకు రాగలడు. అయితే చూసిన ప్రతిదాన్నీ మనం అందుకోము. పైగా తల కాస్త పక్కకు తిరిగితే చాలు, కెమెరాకు కళ్ళు కనిపించవు.

ఒంటి కదలిక కొంత ఆలస్యంగా చెబుతుంది, కానీ గట్టిగా చెబుతుంది. 1973లో స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్, చీకట్లో కీళ్ళ దగ్గర మెరిసే పదీ పన్నెండు చుక్కల కదలికను మాత్రమే చూపినా, నడుస్తున్నది మనిషేనని చూసేవారు ఇట్టే పోల్చుకోగలరని నిరూపించారు. నేటి రోబోలు కూడా కెమెరా చిత్రం నుంచి కీళ్ళ స్థానాలనే తీసుకుంటాయి. అడుగు వేయబోయే మనిషి కాలు లేపేలోగా ఒంటి బరువును రెండో కాలి మీదికి మార్చక తప్పదు. చూపు ఊరికే అటూ ఇటూ తిరగవచ్చు గానీ, ఈ బరువు మార్పు లేకుండా అడుగు పడదు.

వస్తువుల సాయం మరింత దూరం చూపిస్తుంది. 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన హేమ కొప్పుల, అశుతోష్ సక్సేనా రూపొందించిన పద్ధతిలో, పాత్ర పట్టుకుని ఫ్రిజ్ వైపు వస్తున్న మనిషికి రోబోయే తలుపు తీసిపెట్టింది. ఒక సెకను ముందు వేసిన అంచనాల్లో 82 శాతం నిజం కాగా, పది సెకన్ల ముందు వేసినవాటిలో 57 శాతమే నిజమయ్యాయి.

నా దృష్టిలో, చూపును బట్టి రోబో సిద్ధం కావాలి, ఒంటి కదలికను చూశాకే చేయి చాచాలి. రెండూ రెండు వైపులు చూపినప్పుడు ఎక్కువ అవకాశమున్న వైపు ఊహించి ముందుకు సాగడం కంటే వేగం తగ్గించడమే మేలు, ఎందుకంటే అనవసరంగా ఆగితే పోయేది ఒకటి రెండు సెకన్లే గానీ, తప్పుగా కదిలితే దెబ్బ తగిలేది పక్కనున్న మనిషికి.