స్టీల్ బంపర్‌కు ఏ పూత మేలు? ఉప్పుగాలికి ఒక లెక్క, కంకర దారికి ఒక లెక్క

పాత జీపు స్టీల్ బంపర్ తుప్పు పట్టిందని నెల్లూరు ఆటోనగర్‌లో నాలుగు షెడ్లు తిరిగితే నాలుగు సలహాలు దొరుకుతాయి. ఒకరు పౌడర్ కోటింగ్ అంటారు, ఒకరు బెడ్ లైనర్ (పికప్ ట్రాలీ లోపల కొట్టే మందపాటి గరుకు పూత) కొట్టిద్దామంటారు, ఇంకొకరు రెడ్ ఆక్సైడ్ పూసి నల్ల ఎనామిల్ వేస్తే చాలంటారు. ఎవరి దగ్గర ఏ మిషనుంటే వాళ్లు అదే మేలంటారు, అది సహజమే. బండి ఎక్కడ తిరుగుతుందని అడిగేవాళ్లే తక్కువ. ముత్తుకూరు, అల్లూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండికీ, చీమకుర్తి క్వారీల్లోనో ఉదయగిరి కొండ దారుల్లోనో తిరిగే బండికీ ఒకే పూత సరిపోదు.

గుంటల దగ్గర ఇనుముకు శత్రువులు ఒకరిద్దరు కాదు. సముద్రపు గాలిలో ఉప్పు, టైర్లు ఎగజిమ్మే ఉప్పు బురద, వెనకాల వేసుకెళ్లే బ్లీచింగ్ పౌడర్ బస్తాల నుంచి రాలే పొడి, గట్టుకు రెండువైపులా గీరే సర్కారు తుమ్మ ముళ్లు. ముల్లు గీసిన సన్నటి గీత చాలు, ఉప్పునీళ్లు లోపలికి పోవడానికి. అందుకే పూత ఎంత గట్టిది అని నేను ముందు అడగను. గీత పడ్డాక ఏమవుతుంది, దాన్ని షెడ్డుకు పోకుండా మనమే సరిచేసుకోగలమా అన్నదే ముందు చూస్తాను.

ఆ లెక్కన చూస్తే పౌడర్ కోటింగ్‌కు తీరప్రాంతంలో మార్కులు తగ్గుతాయి. చూడటానికి మాత్రం దాన్ని మించింది లేదు. పొడిని కరెంటు చార్జితో ఇనుముకు పట్టించి, 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కరిగిస్తే 60 నుంచి 80 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన నున్నటి పొర వస్తుంది. కానీ ఒకచోట రాయి తగిలి పెచ్చు లేచిందా, ఉప్పునీళ్లు ఆ అంచు కింద నుంచి మెల్లగా పాకుతాయి. పైకి పొర బాగానే ఉంటుంది, గోటితో లేపితే కింద అంతా ఎర్రటి పొడి. దాన్ని బ్రష్‌తో అతకడం కుదరదు. టచప్ రంగు వేస్తే అతుకు కనపడుతూనే ఉంటుంది, సరిగా చేయాలంటే మొత్తం ఊడగొట్టి మళ్లీ ఓవెన్‌లో పెట్టాల్సిందే. ఇంకో సంగతి, సొట్టలకు లప్పం పెట్టి ఉన్న బంపర్‌ను పౌడర్‌కు ఇవ్వకండి. మామూలు లప్పం ఆ వేడికి నిలవదు. ఎండలో తిరిగే బండికి పాలియెస్టర్ పౌడరే అడగాలి. ఎపాక్సీ పౌడర్ ఒక్కటే వేస్తే ఎండకు తెల్లగా సున్నం పట్టినట్టు అవుతుంది. జింక్ ఎక్కువున్న ప్రైమర్ పౌడర్ కిందా, పాలియెస్టర్ పైనా వేసే షాపు దొరికితే చీమకుర్తి వైపు బండికి నిశ్చింతగా ఇవ్వొచ్చు. అక్కడ దుమ్ము ఎక్కువే గానీ సముద్రం పక్కన ఉన్నంత ఉప్పు లేదు.

బెడ్ లైనర్‌ది ఇంకో స్వభావం. పాలీయూరియా గానీ పాలీయురేథేన్ గానీ గరుకు గరుకుగా మందంగా పడుతుంది. షాపులో వేడి మిషనుతో కొట్టేది మిల్లీమీటరు దాటి ఉంటుంది, రాప్టర్ లాంటి సీసా కిట్లు అంతకంటే బాగా పలచన. కంకర తగిలినా పెచ్చు లేవదు, రబ్బరులా తట్టుకుంటుంది. రాళ్ల దారిలో తిరిగేవాళ్లకు ఇదే నా ఓటు. అయితే కింద తుప్పు మొదలైతే కనపడదు. బోల్టు రంధ్రం దగ్గరో, కింది అంచు దగ్గరో తడి దూరిందంటే ఆ మందపాటి పొర తడిని లోపలే దాస్తుంది. మీరు చూసేసరికి ఇనుము రేకులు రేకులుగా లేస్తుంటుంది. పైగా ఆ గరుకులో గుంట బురద పట్టేస్తే ఒక పట్టాన వదలదు. చవక రకం నలుపు మన ఎండకు బూడిద రంగుకు తిరుగుతుంది, ఎండకు తట్టుకునే అలిఫాటిక్ రకమేనా అని అడిగి వేయించుకోండి. బండి కింద కొట్టే తారు రకం అండర్‌బాడీ కోటింగ్‌ను మాత్రం బంపర్ మీదకు తేవద్దు. మే నెల ఎండకు చేతికి అంటుకుంటుంది.

తీరంలో తిరిగే బండికి నేను చెప్పేది పాత పద్ధతే: రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రెండు డబ్బాల పీయూ, అంటే పాలీయురేథేన్ రంగు. రెండు డబ్బాలంటే ఒకదాంట్లో రంగు, ఒకదాంట్లో హార్డెనర్. ప్రైమర్ ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, పీయూ ఎండను ఆపుతుంది. గట్టిదనంలో బెడ్ లైనర్‌కు సాటి రాదు, ఒప్పుకుంటాను. కానీ ముల్లు గీసినచోట ఎమరీ పేపర్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరాక ఇంటి దగ్గరే ప్రైమర్, రంగు బ్రష్‌తో వేసుకోవచ్చు. కలిపిన రంగు కొన్ని గంటల్లో గడ్డ కడుతుంది కాబట్టి కాఫీ గ్లాసుకు మించి కలపకండి. స్ప్రే కొట్టేటప్పుడు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటే చాలదు. హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు మంచివి కావు, ఆవిరిని వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కు ఉండాలి.

కొత్తగా చేయిస్తున్న బంపరైతే వీటన్నిటికంటే ముందు హాట్ డిప్ గాల్వనైజింగ్ గురించి ఆలోచించండి. సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింక్‌లో ముంచుతారు. 3 మిల్లీమీటర్లు దాటిన ఇనుముకు దాదాపు 70 మైక్రాన్ల జింక్ పడుతుంది. దీని గొప్పతనం గీత పడ్డాకే తెలుస్తుంది: పక్కనున్న జింక్ ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. జింక్ ప్రైమర్‌ను పక్కనపెడితే పైన చెప్పిన మామూలు రంగుల్లో ఏదీ ఈ పని చేయదు. పైపుతో చేసిన బంపరైతే పైపు లోపల కూడా జింక్ చేరుతుంది. పౌడర్ గానీ స్ప్రే గానీ అక్కడికి సరిగా పోవు, పైపు బంపర్లు చాలావరకు పుచ్చేది లోపలి నుంచే. అయితే పైపులకు ముందే రంధ్రాలు పెట్టాలి, మూసుకుపోయిన పైపును ఆ తొట్టిలో ముంచితే లోపలి తేమ ఆవిరై పేలే ప్రమాదం ఉంది. పలచటి రేకు వంకర పోవచ్చు. ఉప్పుగాలికి జింక్ కూడా త్వరగా అరుగుతుంది కాబట్టి పైన ఎపాక్సీ, పీయూ వేయించాలి. ఎనామిల్ నేరుగా వేస్తే జింక్ మీద నిలవదు, పెచ్చులుగా ఊడుతుంది. ఖర్చు ఎక్కువే, తొట్టి ఉన్న చోటు దాకా మోసుకెళ్లాలి. రోజూ ఉప్పునీళ్లలో తిరిగే బండికి మాత్రం ఆ ఖర్చు దండగ కాదు.

అన్నట్టు, ఇదంతా బంపర్ గురించే, దాని ముందు అదనంగా బిగించే గార్డుల గురించి కాదు. బయట చేయించిన క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. ఎంత మంచి పూత వేసినా చలానా తప్పదు.

ఏ పూతైనా కింద ఇనుము శుభ్రంగా లేకపోతే నిలవదు. గ్రైండర్‌కు వైర్ బ్రష్ పెట్టి తిప్పితే పైన మెరుస్తుంది గానీ ఇనుము మీద పడ్డ సన్నటి గుంటల్లో తుప్పూ ఉప్పూ అలాగే ఉంటాయి. శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక లాంటి రవ్వ కొట్టి తుప్పు లేపడం, చేయించండి, దానికి ముందు ఉప్పు వదిలేలా కడిగించండి. ఇక్కడే చాలామంది గమనించరు: మైపాడు, కొత్తపట్నం వైపు చాలా బోర్ల నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పును మనమే మళ్లీ పూసినట్టు. మంచినీళ్ల డ్రమ్ము తెప్పించుకోవాలి. బ్లాస్టింగ్ అయిన ఇనుము తీరంలో గంటల్లోనే ఎర్రబడుతుంది, ప్రైమర్ అదే రోజు పడాలి. గాల్లో తేమ 85 శాతం దాటితే రంగు పని ఆపేయడం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలే, కాబట్టి ఈ పని వేసవిలో పెట్టుకోండి. పీయూ పూర్తిగా గట్టిపడటానికి వారం రోజులు పడుతుంది, అప్పటిదాకా బండిని గుంటల వైపు తిప్పొద్దు.