రిపోర్టులో అన్నీ పచ్చగా ఉన్నాయి, గూడూరు సర్వరేమో ఆఫ్‌లో ఉంది

నెల్లూరు, ఒంగోలు వైపు ఆఫీసుల్లో సిస్టమ్స్ చూసుకునే వాళ్లకి చెబుతున్నా. బ్రాంచీలన్నిటి సర్వర్లలో ఫైల్ వెర్షన్లు ఒక్క క్లిక్కుతో చూపించే స్క్రిప్టు ఇస్తామని ఎవరైనా వస్తే, డబ్బులిచ్చే ముందు కాస్త ఆగండి.

మాది ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల వ్యాపారం. హెడ్డాఫీసు నెల్లూరు. కావలి, గూడూరు, కందుకూరు, సింగరాయకొండల్లో బ్రాంచీలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అన్నిచోట్లా కొత్త ఫైలు పడిందో లేదో చూడటం నా పని. ఆ తలనొప్పి తీరుతుందని 18,000 పెట్టి ఒక పవర్‌షెల్ స్క్రిప్టు (విండోస్‌లో కమాండ్లు వరసగా రాసి నడిపే చిన్న ప్రోగ్రాం) కొన్నాం. డెమోలో ఎక్సెల్ షీటు నిండా పచ్చరంగు. మా ఓనరు గారు అది చూసే పడిపోయారు. నేనూ కోడ్ తెరిచి చూడలేదు, తప్పు నాది కూడా.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ టైర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అప్‌డేట్ వేశాం, స్క్రిప్టు నడిపాం, అన్నీ ఓకే. రెండు రోజులకి కందుకూరులో ఒక రైతు బిల్లు పట్టుకుని "పేపర్లో 5 అని వేస్తే మీరు 18 ఎట్టా వేస్తారు?" అని నిలదీశాడు. చూస్తే అక్కడ పాత 4.2.9 ఫైలే ఉంది. ఉండాల్సింది 4.2.10. ఆ స్క్రిప్టు వెర్షన్లని అంకెలుగా కాక ఉత్త అక్షరాలుగా పోలుస్తోంది. అక్షరాల వరసలో 1 కన్నా 9 తర్వాత వస్తుంది గనక పాతదాన్నే కొత్తదనుకుంది. పవర్‌షెల్‌లో వెర్షన్ అని ఒక టైపే ఉంది, అందులోకి మార్చి పోలిస్తే సరిపోయేది.

ఈ సంగతి ఫోన్లో చెబుతుంటే గూడూరు అబ్బాయి, "ఏందన్నా, మా సర్వర్ పోయి మూడు రోజులైంది గదా, బిల్లులు చేత్తో రాస్తున్నాం. మాది కూడా ఓకే అనే వచ్చిందా?" అన్నాడు.

వచ్చింది! అప్పుడు తెరిచా కోడ్. సర్వర్ దొరక్కపోతే వచ్చే ఎర్రర్‌ని ఖాళీ క్యాచ్ బ్లాకులో (ఎర్రరొస్తే ఏం చేయాలో రాయాల్సిన చోటు, అక్కడేమీ రాయలేదు) మింగేస్తోంది. చదివిన విలువని దాచుకునే వేరియబుల్‌లో అంతకుముందు చదివిన కావలి వెర్షన్ అలాగే మిగిలిపోయి, అదే గూడూరు పేరు మీద పడుతోంది. ఇక అడ్మిన్ పాస్‌వర్డ్ అయితే పైన నాలుగో లైన్లోనే మామూలు అక్షరాల్లో ఉంది. ఆ ఫైలు మాకు వాట్సాప్‌లో పంపాడు, అమ్మిన మహానుభావుడు. పైగా ఇన్‌స్టాల్ చేసిన రోజు బ్రాంచి రౌటర్లలో 5985 పోర్టు (విండోస్ సర్వర్‌ని దూరం నుంచి నడిపే దారి) బయటి నుంచి తెరిచి వెళ్లాడు. పాస్‌వర్డ్‌లు మార్చి, పోర్టులు మూసి, వీపీఎన్ పెట్టేసరికి రాత్రి పదకొండు.

మీరు కొనేటట్టయితే డెమో రోజునే ఒక సర్వర్‌కి నెట్ కేబుల్ పీకండి, ఇంకోదాంట్లో కావాలని పాత ఫైలు పెట్టండి, అప్పుడు నడిపించమనండి. ఆ రెండూ ఎర్రగా రాకపోతే టీ ఇచ్చి పంపించేయండి. కోడ్ చూపించను, లోపల ఏముందో కనపడని ఈఎక్స్‌ఈ ఫైలు మాత్రమే ఇస్తానంటే ఆ టీ కూడా దండగ.

డబ్బులు వెనక్కి అడిగితే ముందు "మీ నెట్‌వర్క్‌లోనే ఏదో ఉంది" అన్నాడు. ఇప్పుడు ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ డబ్బు) కడితే సరిచేస్తానంటున్నాడు.