లారీ సరుకులో దాగిన డ్యామేజి: ఏ సంతకం మేలు, ఎవరిని అడగడం మేలు?

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో టైల్స్, శానిటరీ సామాను అమ్మే మా వంటి దుకాణాలకు సరుకు చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది. నిండు లారీ అయితే నరసన్నపేట దగ్గర జాతీయ రహదారిని వదిలి పాతపట్నం మీదుగా నేరుగా ఊళ్లోకి వస్తుంది కాని, నలభై యాభై పెట్టెల చిల్లర లోడు విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో ట్రాన్స్‌పోర్టు గోడౌన్‌లో దిగి, అక్కడ మరో చిన్న బండికెక్కి వస్తుంది. ఎక్కించడాలు, దించడాలు పెరిగిన కొద్దీ దెబ్బలూ పెరుగుతాయి. అట్టపెట్టె నొక్కుకుపోయినా మళ్లీ పూర్వపు ఆకారానికి వస్తుంది. లోపలి పలకకు ఆ గుణం లేదు. అందుచేత పైన పట్టీ కూడా చెదరని పెట్టెలో మూల విరిగిన పలకో, వెంట్రుకంత బీట పడిన పలకో ఉంటుంది. పైకి కనబడే డ్యామేజి మీద పెద్ద తగువేమీ రాదు. చిక్కంతా ఈ కనబడనిదానితోనే.

బండి వచ్చి నిలబడగానే డ్రైవరు డెలివరీ కాపీ చేతికిచ్చి సంతకం అడుగుతాడు. పెట్టెలు లెక్కపెట్టి, పైపైన చూసి, రబ్బరు స్టాంపు వేసి సాఫుగా సంతకం చేయడం అందరికీ అలవాటైన పద్ధతి. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఒక వానాకాలంలో రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల పలకలు నూట అరవై పెట్టెలు దించుకున్నాము. పెట్టెకు రెండే పలకలు. పంతొమ్మిది రోజుల తరువాత ఒక ఖాతాదారు ఇంట్లో తాపీమేస్త్రి పెట్టెలు విప్పితే వరుసగా ఏడింటిలో ఒకే వైపు మూలలు విరిగి కనబడ్డాయి. ట్రాన్స్‌పోర్టువారు మా సాఫు సంతకం చూపించారు, కంపెనీవారు తమ గేటు దాటేటప్పుడు సరుకు బాగానే ఉందన్నారు, ఖాతాదారు పలకలు మార్చి ఇమ్మన్నారు. ముగ్గురి మాటా వారివారి కాగితాల ప్రకారం న్యాయంగానే ఉంది. నష్టం మాత్రం మా ఒక్కరికే మిగిలింది.

రెండవ పద్ధతి, "విప్పి చూడలేదు, పరిశీలనకు లోబడి తీసుకున్నాము" అని రాసి సంతకం చేయడం. సాఫు సంతకం కంటే ఇది నయమే. కాని ప్రతి లోడుకూ ఇదే వాక్యం రాసే దుకాణాన్ని ట్రాన్స్‌పోర్టువారు త్వరగానే గుర్తుపడతారు. ఆ రాత ముద్రలో భాగమైపోయి బరువు కోల్పోతుంది. పైగా సరుకు దిగిన తరువాత మా గోడౌన్‌లోనే విరగలేదని ఆ వాక్యం చెప్పలేదు.

మూడవది, బండి దగ్గరే కొన్ని పెట్టెలు విప్పి చూసి, చూసిన సంగతినే రాయడం. నా మట్టుకు ఇదే మేలు. అన్ని పెట్టెలూ విప్పడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. అడుగు వరుస నుంచి కొన్ని, వెనుక తలుపు దగ్గరివి కొన్ని, పెట్టెలను నిలువుగా కాక పడుకోబెట్టి ఉంచిన చోటు ఏదైనా ఉంటే అక్కడివి తప్పకుండా కొన్ని విప్పాలి, ఎందుకంటే పలక అంచు మీద నిలబడినప్పుడు బరువు మోస్తుంది, పడుకున్నప్పుడు పైబరువుకు మధ్యలో చిట్లుతుంది. మా కళాసీల మేస్త్రి పలకను ఒక మూల పట్టుకుని వేలి కణుపుతో తడతాడు. బాగున్న పలక ఖంగుమంటుంది. ఒకసారి అలా తట్టి, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తట్టి, "ఇది పలకట్లేదు బాబూ, లోపల బీటుంది" అన్నాడు. వెనుక వైపు తడిగుడ్డతో తుడిస్తే, నీరు పీల్చుకున్న చోట సన్నని నల్లగీత తేలింది. వాష్‌బేసిన్లకూ, కమోడ్లకూ ఇదే పరీక్ష పనికివస్తుంది. బోల్టు రంధ్రాల చుట్టూ మరింత శ్రద్ధగా చూడాలి.

ఆ తరువాత రాసే రాత ఇలా ఉండాలి: "160 పెట్టెలు అందినవి. 12 విప్పి చూడగా 3 పెట్టెలలో 5 పలకలు మూలలు విరిగినవి. మిగిలినవి విప్పలేదు." దాని కింద డ్రైవరు సంతకం, బండి నంబరు, తేదీ, సమయం తీసుకోవాలి. డ్రైవరు సంతకం చేయనంటే ఆ మాట కూడా రాసి, బండి నంబరు కనబడేలా ఫొటో తీసి, అతను కదలకముందే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు పంపాలి. దారిలో బండి మారిన లోడయితే ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండే జీఎస్టీ రవాణా పత్రం) రెండవ భాగంలో మారిన బండ్ల నంబర్లు ఉంటాయి. "నాకు గోడౌన్‌లో ఎక్కించారు, నాకేం తెలుసు" అనే చిన్న బండి డ్రైవరుతో వాదించే బదులు ఆ నంబర్లు రాసుకోవడం మంచిది. వీటన్నిటికీ ఒక గంట పడుతుంది, కళాసీలకు అదనపు కూలీ ఇవ్వాలి, డ్రైవరు విసుక్కుంటాడు. వాన పడుతుంటే ఇదంతా జరగదని కూడా ఒప్పుకోవాలి. అటువంటి రోజున రెండవ పద్ధతితో సరిపెట్టుకుని మరునాడే విప్పి చూసి, ఆనాడే మెయిలు పంపాలి.

సరుకు మొత్తం తిప్పి పంపడం సగానికి సగం పోయినప్పుడు తప్ప మేలు కాదు. తిరుగు కిరాయి ఎవరిదన్న తగువు, మళ్లీ ఈ-వే బిల్లు, అంతలో గోడౌన్‌లో పడి ఉన్న సరుకుకు పట్టే కొత్త దెబ్బలు అదనం.

ఇక డబ్బు ఎవరిని అడగాలి? ట్రాన్స్‌పోర్టును అడిగే హక్కు చట్టంలో గట్టిగానే ఉంది. 2011 మార్చి 1 నుంచి అమలులో ఉన్న 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం దైవికమైన విపత్తు, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఉత్తర్వు వంటి కొన్ని కారణాలు తప్ప మిగిలిన నష్టానికి రవాణాదారు బాధ్యుడు. దావా వేయాలంటే ముందుగా లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. దానికి గడువు సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజులు. చేరిన రోజు నుంచి కాదు. అయితే ఎక్కువ విలువ ముందే ప్రకటించి అదనపు రేటు కట్టకపోతే, బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. బరువెక్కువ, ధర తక్కువ అయిన టైల్స్‌కు ఈ పరిమితి పెద్దగా అడ్డు రాదు: ఆరు వేల కిరాయికి అరవై వేల వరకు దారి ఉంటుంది. అదే ఎనిమిది వందల కిరాయితో వచ్చిన అరవై వేల టీవీకి ఎనిమిది వేలతోనే ఆగిపోతుంది. టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మేవారు ఈ ఒక్క లెక్క వేసుకుంటే ట్రాన్స్‌పోర్టు మీద ఆశ పెట్టుకోరు. హక్కు ఉండటం వేరు, దాని కోసం కోర్టు మెట్లు ఎక్కడం వేరు. పదిహేను వేల నష్టానికి ఆ పని చేసిన వ్యాపారిని నేనింతవరకు చూడలేదు.

పెద్ద నష్టానికి బీమాయే మేలు, కాని పాలసీలో ఏ క్లాజు ఉందో చూసుకోవాలి. ఇన్లాండ్ ట్రాన్సిట్ 'ఏ' క్లాజు, మినహాయించినవి తప్ప అన్ని ప్రమాదాలకూ వర్తిస్తుంది. 'బీ' క్లాజు మంటలు, పిడుగు, బండి గుద్దుకోవడం, బోల్తా పడటం వంటి పేర్కొన్న ప్రమాదాలకే వర్తిస్తుంది. బండి ఎక్కడా గుద్దుకోకుండా గతుకులలో విరిగిన పలకకు 'బీ' క్లాజు కింద పైసా రాదు. ప్రీమియం తక్కువని 'బీ' తీసుకున్న దుకాణాలు మా వీధిలోనే ఉన్నాయి. 'ఏ' క్లాజు ఉన్నా ప్యాకింగు చాలలేదన్న కారణంతో కాదనవచ్చు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు: బీమా కంపెనీ మనకు చెల్లించిన తరువాత మన స్థానంలో నిలబడి ట్రాన్స్‌పోర్టును అడుగుతుంది. మనం 180 రోజుల నోటీసు ఇవ్వకపోతే ఆ దారి మూసుకుపోతుంది, ఆ సాకుతో మన క్లెయిముకే కోత పడవచ్చు. కాబట్టి ట్రాన్స్‌పోర్టు నుంచి రూపాయి రాదని తెలిసినా నోటీసు పంపి తీరాలి.

చిన్న నష్టాలకు సరుకు పంపిన కంపెనీ నుంచి క్రెడిట్ నోటు, అంటే మన బాకీలో ఆ మేరకు తగ్గించినట్టు ఇచ్చే కాగితం, రాబట్టుకోవడమే సుళువు. ఏటా పది లోడ్లు తీసుకునే దుకాణాన్ని నాలుగు పెట్టెల కోసం వదులుకోవడానికి ఏ కంపెనీ ఇష్టపడదు. అయితే ఇది హక్కు కాదు, పరిచయం మీద నడిచే వ్యవహారం. ధర ఫ్యాక్టరీ గేటు దగ్గరిదని ఆర్డరులో ఉంటే దారిలోని నష్టం కొన్నవాడిదే అవుతుంది. అందుకని ఆర్డరులోనే "సరుకు దుకాణం చేరేవరకు నష్టం మీదే" అని రాయించుకోవడం మేలు, దానికి పెట్టెకు రెండు రూపాయలు ఎక్కువ పడినా సరే. పన్ను సంగతి కూడా చూడాలి. పారవేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన పన్నుకు పొందిన తగ్గింపును) జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) కింద వెనక్కి కట్టాలి. టైల్స్‌కు అది 18 శాతం. ఎవరిని అడిగినా ఆ మొత్తాన్ని కూడా కలిపి అడగాలి.

సొంత ఇంటికి కొనుక్కున్నవారి దారి వేరు. తిరిగి అమ్మడానికి కొన్న మాకు వినియోగదారుల కమిషన్ తలుపు మూసి ఉంటుంది కాని, వారికి తెరిచే ఉంటుంది. విశాఖపట్నంలో కొన్నా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాము ఉండే గజపతి జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు.

ఏ దారి పట్టినా బీమా సర్వేయరో, సరుకు కంపెనీ మనిషో వచ్చి చూసేవరకు విరిగిన ముక్కలను పెట్టెలతో సహా ఉంచాలి. పెట్టె మీది బ్యాచి నంబరు, షేడ్ నంబరు లేని ముక్క ఎవరి సరుకో చెప్పలేము. మా గోడౌన్ వెనుక రేకుల కింద ఇప్పుడు తొమ్మిది పెట్టెలున్నాయి. వరండాలో చిప్స్‌గా పరుచుకుంటామని ఇద్దరు అడిగారు. క్రెడిట్ నోటు వచ్చాక రమ్మన్నాను.